మామ్మ పోట్రెట్ రెంబ్రాంట్ పద్ధతిలో వేద్దామంటే మొహం బూడిదరంగు అయిపోతంది, ఏటి చెయ్యాలి?

గుణుపురం_కుంచె:

అందరికీ నమస్కారమండి. మాది గుణుపురం, రాయగడ జిల్లా. బడిలో ఒడియానే చదివేను, తెలుగు ఇంట్లో మాటలాడిందే, అందుకని రాతలో ఏవైనా తేడాలుంటే సర్దుకొని చదవండి.

ఆయిల్ కలర్స్ మొదలెట్టి రెండేళ్లయింది. అంతకుముందు పెన్సిలు, వాటర్ కలర్. ఇక్కడ నాకు నేర్పేవాళ్లు ఎవరూ దొరకలేదు, రంగులు బరంపురం నుంచో వైజాగ్ నుంచో తెప్పించుకుంటాను, నేర్చుకున్నదంతా ఫోన్‌లో చూసే. హాలండ్ పెయింటర్ రెంబ్రాంట్ ముసలితనంలో తన మొహం తానే వేసుకున్న బొమ్మలున్నాయి కదా, అవి రాత్రిళ్లు జూమ్ చేసుకొని చూస్తూ ఉండిపోతాను. నుదుటి మీద రంగు గోడకి మట్టి మెత్తినట్టు దళసరిగా ఉంటాది, అదే కంటి కిందకొచ్చేసరికి నీడ ఎంత పల్చగా ఉంటాదంటే కింద కాన్వాసుకి ముందు పూసిన పొర, అదే గ్రౌండ్, కూడా కనిపిస్తాది. అలాగ మా మామ్మని వెయ్యాలని నా కోరిక. ఆవిడకి ఎనభై దాటింది. అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకొని) కాల్చీకాల్చీ బుగ్గలు లోపలికి పోయేయి, రెండు వైపులా ముక్కుపుడకలు, గడ్డం మీద పచ్చబొట్టు. చాయ నలుపే గానీ ఒట్టి నలుపు కాదు, ముదరపాకం వచ్చిన బెల్లం రంగు, ఎండ పడితే లోపల్నుంచి ఎరుపు తెలుస్తాది.

ఇప్పుడు నా కష్టాలు చెప్తాను. నెట్‌లో ఓల్డ్ మాస్టర్స్ (పాతకాలం యూరప్ పెయింటర్లు) స్కిన్ టోన్ అని వెతికితే టైటానియం వైట్, ఎల్లో ఆకర్, ఎరుపు, ఐవరీ బ్లాక్, ఈ నాలుగుతో ఏ మొహమైనా వెయ్యొచ్చని ఉంది. నేనూ అలాగే కలిపేను, వెలుగు దగ్గర తెలుపు ఎక్కువ, నీడ దగ్గర నలుపు ఎక్కువ. అయితే మొహం మొత్తం విభూతి పూసినట్టు వచ్చీసింది. ఇంకొంచెం ఎరుపు కలిపితే ఇటుక అయిపోతంది, పచ్చ కలిపితే కామెర్లు వచ్చిన మనిషిలాగ ఉంది. మూడుసార్లు గీకీసేను.

రెండోది, వెనకాల బ్యాక్‌గ్రౌండ్ నలుపు వేసేను, అది ఒకచోట తడి ఉన్నట్టు మెరుస్తంది, ఒకచోట పలక మీద సుద్ద తుడిచినట్టు చప్పగా ఉంది. మూడోది, బొమ్మ వేసి ఇరవై రోజులైనా చీర దగ్గర రంగు వేలికి అంటుతంది. వర్షాలకి అనుకున్నాను గానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లిన్సీడ్ ఆయిల్ అయిపోతే వంటింట్లో ఆవనూనె కొంచెం కలిపేను, అది తప్పా? ఆఖరికి పచ్చబొట్టు, ఎలాగ వేసినా పైన స్టిక్కర్ అతికించినట్టే ఉంటంది, చర్మంలో ఉన్నట్టు రావట్లేదు.

ఫోటో చూసి వేస్తున్నాను, ఇంట్లో రాత్రి ఫ్లాష్ పెట్టి తీసిన ఫోటో. తెలిసినవాళ్లు చెప్పీయండి, పండక్కి మా చిన్నాన్నలందరూ వస్తారు, ఈలోపు ఆవిడ మొహం ఆవిడలాగ రావాలి.


బరంపురం_డ్రాయింగ్_మాస్టారు:

బాబూ, ముందు ఆ ఫ్లాష్ ఫోటో పక్కన పెట్టెయ్. నీ కష్టంలో సగం దానిదే. ఫ్లాష్ ఎదురుగా కొడుతుంది కాబట్టి మొహంలో గుంటలు, ఎత్తులు అన్నీ చదునైపోతాయి, ఆ ఫోటోలో లేని నీడని నువ్వు నల్లరంగుతో ఊహించి పెడుతున్నావు. రెంబ్రాంట్ గదిలో వెలుగు ఒక పక్క నుంచి, కాస్త పైనుంచి వచ్చేది, అందుకే ఒక బుగ్గ వెలుగులో ఉండి రెండో బుగ్గ మీద కంటి కింద చిన్న ముక్కోణంలాగా వెలుగు పడుతుంది. మీ ఇంట్లో ఉత్తరం వైపు గుమ్మమో కిటికీనో ఉంటే మామ్మగారిని దానికి పక్కగా కూర్చోబెట్టు, మిగతా తలుపులన్నీ వేసెయ్. ఉత్తరం ఎందుకంటే ఎండ నేరుగా పడడం తక్కువ, పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుగు పెద్దగా మారదు. ఆవిడ ఎంతసేపు కూర్చోగలిగితే అంతసేపే మనిషిని చూసి వెయ్యి, మిగతాదానికి అదే వెలుగులో ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకో.

రెండో విషయం, నువ్వు చూసిన నాలుగు రంగుల పద్ధతి ఓల్డ్ మాస్టర్లది కాదు. స్వీడన్ పెయింటర్ ఆండర్స్ జోర్న్ పేరు మీద చెలామణీ అయ్యే పాలెట్, అంటే రంగుల జత, అది, ఆయన 1860లో పుట్టి 1920లో పోయాడు. రెంబ్రాంట్ పుట్టింది 1606లో, పోయింది 1669లో, మధ్యలో రెండు వందల ఏళ్ల పైన తేడా. జోర్న్ గొప్పవాడే, ఆ పాలెట్ మంచిదే, కానీ అది తెల్లటి చర్మానికి బాగా పలికే పాలెట్. ఆ చర్మంలో అసలే తెలుపు ఎక్కువ కాబట్టి నలుపు కలిపితే చల్లటి బూడిద నీలంలాగా కనిపించి అందం ఇస్తుంది. మన చాయలో అదే పని చేస్తే విభూతే వస్తుంది, నీకు వచ్చింది అదే. పైగా వాళ్లు వాడింది సీసంతో చేసిన తెలుపు, అది మెల్లగా కలుస్తుంది. నువ్వు వాడే టైటానియం మహా బలమైనది, శనగగింజంత పడితే చాలు పక్క రంగు చచ్చిపోతుంది. సీసం తెలుపు విషం, దాని కోసం వెతకొద్దు, టైటానియమే వాడు కానీ కత్తి మొనతో తీసుకో, కుంచెతో కాదు.

మన చాయకి గురువు కావాలంటే స్పెయిన్ పెయింటర్ వెలాస్కెజ్ వేసిన హువాన్ దె పరేహా బొమ్మ చూడు. 1650లో రోమ్‌లో వేశాడు. పరేహా వెలాస్కెజ్ దగ్గర బానిసగా ఉంటూ స్టూడియోలో పని చేసిన మనిషి, అదే ఏడాది వెలాస్కెజ్ పరేహాకి విడుదల పత్రం రాసిచ్చాడు, తర్వాత పరేహా కూడా పెయింటర్ అయ్యాడు. బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, వాళ్ల సైట్‌లో పెద్ద సైజు ఫోటో ఉచితంగా దొరుకుతుంది. జూమ్ చేసి నుదురు చూడు. గోధుమరంగు చర్మం మీద వెలుగు ఎంత కొద్ది చోట పెట్టాడో, నీడల్లో తెలుపు లేకుండా ఎలా వదిలాడో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం మెడ దగ్గర తెల్ల లేసు కాలరు. బొమ్మలో తెలుపు అంటే అదీ. దాని పక్కన పెట్టి చూస్తే నుదుటి మీద వెలుగు కూడా ఎంత కిందకి ఉందో అర్థమవుతుంది. నువ్వూ మామ్మగారి తెల్ల నేతచీర కొంగు మొహం పక్కకి వచ్చేట్టు పెట్టు. ముందు ఆ కొంగు తెలుపు వేసుకో, తర్వాత మొహంలో ఏ వెలుగూ దాన్ని దాటకూడదు. ముక్కుపుడక మెరుపు ఒక్కటే దాటొచ్చు.

రంగులు ఇలా కలుపు. మధ్య చాయకి బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమరంగు), రా అంబర్ (మట్టి గోధుమరంగు), కొంచెం ఎల్లో ఆకర్ (పసుపు మట్టిరంగు). నీడకి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరీన్ (నీలం), చిటికెడు అలిజరిన్ (ముదురు ఎరుపు), తెలుపు అసలు వద్దు, పల్చగా. వెలుగుకి అదే మధ్య చాయలో ఆకర్ పెంచి కొద్దిగా తెలుపు. ఐవరీ బ్లాక్ మొహంలోకి రానివ్వకు. ఇక నుదుటి మీద, ముక్కు కొన మీద, చెంప ఎముక మీద తళుకు ఉంటుందే, అది చర్మం రంగు కాదు, గుమ్మంలోంచి వచ్చే ఆకాశం రంగు. నల్లటి చర్మం లోపలి వెలుగుని ఎక్కువ మింగేస్తుంది, పైన నూనె మెరుపు మాత్రం అలాగే ఉంటుంది, అందుకే మన మొహాల మీద ఆ తళుకు స్పష్టంగా, కొంచెం నీలంగా కనిపిస్తుంది. దానికి తెలుపులో సూది మొనంత అల్ట్రామెరీన్ కలిపి దళసరిగా ఒక్కసారి పెట్టి వదిలెయ్, రుద్దకు.

అన్నిటికంటే ముందు రంగు జోలికి పోకుండా మొత్తం బొమ్మ బర్న్ట్ అంబర్ ఒక్కదానితో, టర్పెంటైన్‌లో పల్చగా వేసుకో. వెలుగు కావాల్సిన చోట గుడ్డతో తుడిచెయ్. ఆ గోధుమరంగు బొమ్మలోనే మామ్మగారు గుర్తుపట్టేలా రావాలి. రాకపోతే పైన ఎన్ని రంగులు వేసినా రాదు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి చెప్పింది ఇదే, నాకు కూడా పనికొచ్చింది ఇదే.


పర్లాకిమిడి_ఫ్రేములు:

మాస్టారు మొహం సంగతి చెప్పీసేరు కాబట్టి నేను మిగతావి చెప్తాను. మా షాపులో ఫ్రేములు కడతాం, పాత ఆయిల్ బొమ్మలు రిపేరుకి కూడా వస్తుంటాయి.

తమ్ముడూ ఆవనూనె తప్పే. ఆయిల్ పెయింట్ ఆరడం అంటే నీళ్లు ఆవిరైనట్టు కాదు, నూనె గాలిలో ఆక్సిజన్ పీల్చుకొని గట్టి పొరలాగ మారాలి. అలా మారే నూనెలు అవిసె నూనె, అంటే మన లిన్సీడ్, అక్రోటు నూనె, గసగసాల నూనె. ఆవనూనె, కొబ్బరినూనె, ఆముదం ఆ పని చెయ్యవు, ఏడాదైనా జిడ్డుగానే ఉంటాయి, దుమ్ము పట్టేస్తాది. చీర దగ్గర ఆ పొర మొత్తం కత్తితో గీకీసి టర్పెంటైన్ గుడ్డతో తుడిచీ. దాని మీద ఇంకో పొర మాత్రం వెయ్యకు, పైది ఆరి కిందది ఆరకపోతే పగుళ్లు వచ్చేస్తాయి. అడుగు పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ అని పెద్దలు అన్నది ఇందుకే.

బ్యాక్‌గ్రౌండ్ చప్పగా అయిన చోట రంగులో నూనెని కింద గ్రౌండ్ పీల్చీసింది. అంబర్లు, నలుపులు వేసిన చోట ఇది ఎక్కువగా చూస్తుంటాం. బాగా ఆరిన తర్వాత ఆ చోట లిన్సీడ్, టర్పెంటైన్ సగం సగం కలిపి గుడ్డతో చాలా పల్చగా రాసి, పది నిమిషాల తర్వాత పొడిగుడ్డతో తుడిచీ. అసలు రంగు తిరిగొస్తాది. ఆ గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకు, లిన్సీడ్ గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్లలో ముంచి ఆరుబయట పరిచి ఆరబెట్టు.

తెలుపు ట్యూబు వెనక అక్షరాలు కూడా చూసుకో. పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింక్. టైటానియం అని పేరు పెట్టి జింక్ కలిపినవి ఉంటాయి. జింక్ పొర ఏళ్లు గడిస్తే పెళుసైపోతాది, అడుగు పొరల్లో వద్దు.

వర్షాకాలంలో బొమ్మని బీరువాలో దాచకు. చీకట్లో లిన్సీడ్ పసుపు తిరుగుతాది, గాలి లేక గుడ్డకి బూజు పడతాది. వెలుతురున్న గోడకి, వెనక రెండు చెక్కముక్కలు పెట్టి గాలాడేట్టు తగిలించు.


గుణుపురం_కుంచె:

మాస్టారూ, అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పరేహా బొమ్మ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసేను. చూస్తే మా ఊరి సంతలో ఎదురొచ్చే మనిషిలాగ ఉన్నాడు, ఇన్నాళ్లూ ఓల్డ్ మాస్టర్స్ అంటే తెల్లోళ్ల మొహాలే అనుకున్నాను.

ఇంకో రెండు అడగాలి. బ్యాక్‌గ్రౌండ్ నలుపు కాకపోతే మరేటి వెయ్యాలి? ఇంకా, మా ఇంటి వెనక కొండ మీద మట్టి చాలా ఎర్రగా ఉంటాది, ఆకర్ అన్నది కూడా మట్టే కదా, దాన్ని వాడొచ్చా? పచ్చబొట్టు సంగతి కూడా ఎవరైనా చెప్పండి.


రాయగడ_ఎర్రమట్టి:

తమ్ముడూ నేను అక్కని, రాయగడలోనే ఉంటాను, మట్టి రంగులు నా పని. వాడొచ్చు. ఆకర్, సియెన్నా, అంబర్ అన్నీ ఇనుము కలిసిన మట్టిలే, అంబర్‌లో మాంగనీసు కూడా ఉంటుంది, అందుకే అది త్వరగా ఆరుతుంది. మన చుట్టుపక్కల సవర ఊళ్లలో గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి తెలుపుతో సన్నటి మనుషుల్ని, ఏనుగుల్ని వేస్తారే, ఇడితల్ అంటారు, ఆ తెలుపు ఎందుకంత బాగా కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా, కింద ఎరుపు ఉండబట్టే. రెంబ్రాంట్ కాలంలో హాలండ్‌లో కూడా చాలామంది కాన్వాసు మీద ముందు ఎర్రమట్టి పొర, దాని మీద బూడిదరంగు పొర వేసుకొని అప్పుడు బొమ్మ మొదలెట్టేవాళ్లు. 1642లో వేసిన నైట్ వాచ్ అనే బొమ్మకి అయితే రెంబ్రాంట్ క్వార్ట్జ్ ఎక్కువగా ఉన్న బంకమట్టిని నూనెలో కలిపి గ్రౌండ్ వేశాడు. మట్టి వాడకం వాళ్లకీ మనకీ ఒకటే.

చేసే పద్ధతి ఇది. పైమట్టి తీసేసి కిందది తవ్వు, వేర్లు, ఆకులు లేకుండా. బకెట్ నీళ్లలో బాగా కలిపి ఒక నిమిషం ఆగితే ఇసుక అడుక్కి పోతుంది, పైన ఎర్రనీళ్లు ఇంకో గిన్నెలోకి ఒంపు. అలా మూడు నాలుగుసార్లు. ఆఖరి నీళ్లు ఒక రాత్రి వదిలితే మెత్తటి మడ్డి దిగుతుంది, ఎండలో ఆరబెట్టి నూరి పల్చటి గుడ్డతో జల్లించు. అద్దం మీద పోసి లిన్సీడ్ చుక్కచుక్కగా వేస్తూ కత్తితో నూరు, వెన్నలాగా రావాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, కానీ ఆ ఎరుపు ట్యూబులో రాదు.

ఇంకో సంగతి, రెంబ్రాంట్ మొఘల్ చిత్రాలు చూసి కలంతో గీసుకున్నాడు, 1656 నుంచి 1661 మధ్యలో అంటారు, ఇరవైకి పైగా ఇప్పటికీ ఉన్నాయి. షాజహాన్ బొమ్మలు కూడా ఉన్నాయి అందులో. హాలండ్ దాటి ఎక్కడికీ వెళ్లని మనిషి మన పాదుషాల తలపాగాలు అంత శ్రద్ధగా గీసుకున్నాడంటే నాకు ఆయన మీద ప్రేమ ఇంకా పెరిగింది.


బరంపురం_డ్రాయింగ్_మాస్టారు:

అమ్మాయి చెప్పింది బాగుంది, కానీ ఒక్క మాట. కొత్తగా చేసేవాడికి ఇంటి మట్టి రంగు మొహంలో వద్దు. నూనె ఎంత పట్టిందో తెలీదు, కడిగింది సరిపోయిందో లేదో తెలీదు. ముందు ఒక చిన్న అట్ట మీద వేసి నెల రోజులు చూడు, పగలకపోతే అప్పుడు గ్రౌండ్‌కి వాడు. మొహానికి ట్యూబు బర్న్ట్ సియెన్నా చాలు. (అమ్మా, నీ ఎరుపు నాకూ ఒక డబ్బా కావాలి.)

బ్యాక్‌గ్రౌండ్‌కి వస్తే, హాలండ్ పెయింటరే అయిన వెర్మీర్ వేసిన ముత్యం కమ్మ పిల్ల బొమ్మ వెనక ఇప్పుడు ఒట్టి నలుపు కనిపిస్తుంది కదా, 2018లో పరీక్ష చేస్తే అక్కడ ఆకుపచ్చ తెర ఉండేదని తేలింది, నల్లటి అడుగు మీద ఆకుపచ్చ గ్లేజు, అంటే కింద రంగు కనిపించేంత పల్చటి పొర. కాలానికి రంగు పోయి మనకి నలుపు మిగిలింది. నైట్ వాచ్ కూడా పగటి దృశ్యమే, వార్నిష్ మాసి చీకటి పడ్డట్టు అయితే జనం ఆ పేరు పెట్టారు. కాబట్టి వాళ్ల బొమ్మల్లో కనిపించే నలుపంతా వాళ్లు వేసిన నలుపు కాదు. నువ్వు బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలుపు, మొహం వెలుగున్న వైపు బ్యాక్‌గ్రౌండ్ కాస్త ముదురు, నీడున్న వైపు కాస్త లేత. అప్పుడు తల గాలిలో ఉన్నట్టు ఉంటుంది.

పచ్చబొట్టు చర్మం పైన ఉండదు బాబూ, కింద ఉంటుంది. నువ్వు కూడా కిందే వెయ్యి. చర్మం వేసి ఆరనిచ్చి, అల్ట్రామెరీన్‌లో ఆకర్, రా అంబర్ కలిపిన మురికి ఆకుపచ్చతో పల్చగా చుక్కలు పెట్టి, అంచులు పొడి కుంచెతో మెత్తగా చెయ్. అది బాగా ఆరాక బర్న్ట్ సియెన్నాని లిన్సీడ్‌లో గాజులాగా పల్చగా చేసి మొత్తం గడ్డం మీద ఒక్క పొర. ఆకుపచ్చ చర్మం కిందకి దిగిపోతుంది.


గుణుపురం_కుంచె:

మూడు వారాలైంది, చెప్దామని వచ్చేను. పాత కాన్వాసు వదిలేసి 16 బై 20 అంగుళాల కొత్తది తీసుకున్నాను. వీధి గుమ్మం మాది ఉత్తరమే, మామ్మని గడప పక్కన పీట వేసి కూర్చోబెట్టేను. పావుగంటకే నిద్ర పోతాది, తల వాలిపోతాది, మళ్లీ లేపి కూర్చోబెట్టి, అలాగ అయిదు రోజులు. అంబర్ పొర రెండో రోజుకే మా అమ్మ గుమ్మంలోంచి చూసి అత్తేనే అనేసింది, అప్పుడు రంగు మొదలెట్టేను. తెల్లకొంగు ముందు వేస్తే మీరు చెప్పినట్టే మొహంలో తెలుపు అవసరం ఎంత తక్కువో తెలిసింది, మొహం మొత్తానికి టైటానియం గోరంత కూడా అవ్వలేదు. నుదుటి మీద నీలం తళుకు పెట్టినప్పుడు నా చెయ్యి వణికింది, పెట్టి వెనక్కి జరిగితే ఆవిడ నుదురు నూనె రాసినట్టు మెరిసింది. విభూతి పోయింది మాస్టారూ.

గ్లేజ్ నిన్న సాయంత్రం వేసేను, పచ్చబొట్టు లోపలికి దిగింది. పొద్దున్న మామ్మకి చూపించేను. చాలాసేపు దగ్గరగా పెట్టుకొని చూసింది, మొహం గురించి ఏటీ అనలేదు, చుక్కలు నాలుగు రా, నువ్వు మూడే పెట్టేవు అంది. గడ్డం పట్టుకొని చూస్తే నిజమే, నాలుగోది ముడతలోకి పోయింది. పెళ్లికి ముందు సంతలో వేయించుకుందట, నాలుగో చుక్కకి ఏడ్చిందట. ఆ చుక్క ఉండాల్సిందే. గ్లేజ్ వేసీసేను కదా, ఇప్పుడు ఎలాగ పెట్టాలి?


బరంపురం_డ్రాయింగ్_మాస్టారు:

నిన్ననే వేశావు కాబట్టి ఇంకా పచ్చిగానే ఉంటుంది, తొందరపడు. దూదిపుల్లకి ఒక్క చుక్క టర్పెంటైన్ అద్ది, చుక్క ఉండాల్సిన చోట మాత్రం గ్లేజ్ ఎత్తెయ్, కింద చర్మం పొర ఆరిపోయింది కనుక దానికేమీ కాదు. అక్కడ ఆ ఆకుపచ్చ పెట్టు, మిగతా మూడింటికంటే మసగ్గా, ముడతలో సగం దాగినట్టు. వారం ఆగి ఆ చోటికే మళ్లీ సియెన్నా గ్లేజ్. వార్నిష్ మాత్రం ఆర్నెల్ల లోపు వద్దు, చిన్నాన్నలకి అలాగే చూపించు.